గృహవిజ్ఞానము: మంచుదేశపు బండిలోని కుంపటి



ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి కెనడా దేశమందలి ఆల్బర్టా రాష్ట్రమునుండి వచ్చినది. వ్రాసిన సోదరి గోదావరి తీరమున పుట్టి పెరిగి, వివాహానంతరము భర్తతో నచ్చటికేగి, ఎడ్మంటన్ నగరమునకు సమీపమున కాపురము చేయుచున్నది. ఆమె భర్త పనికి పోవునది డీజిలు పికప్ ట్రక్కు. అనగా ముందు మనుష్యులు కూర్చుండు చిన్న గదియు, వెనుక సామాను వేసికొను తొట్టియు గల బండి. చలికాలమున ఆ గదిని వెచ్చబెట్టుటకై డీజిలుతోనే మండు ప్రత్యేకమైన హీటరు నొకదానిని తెప్పించి, స్వహస్తముతో బిగింపవలయునని వారు సంకల్పించియున్నారట. "మాకు ఎనిమిది నెలల బిడ్డ గలదు. బిడ్డను కూర్చుండబెట్టు చోట నిప్పు పెట్టుట క్షేమమా? వారినడుగగా, ఆడువారికి యంత్రముల సంగతి యెందులకని నవ్వి యూరకున్నారు. మీరైనను తెలియునట్లు వ్రాయగోరెదను" అని యామె ప్రశ్న.

ఎందులకని యడిగినవారికి మా ప్రత్యుత్తరమిది: ఆ గదిలో గాలి పీల్చువారు ముగ్గురు, కావున ఆ సంగతి ముగ్గురిదియును.

ఈ ప్రశ్న మంచుదేశముల వారికే గాని మనకు పనికిరాదని తలపవలదు. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, చలిగాలి తగులునని కిటికీ తలుపులన్నియు బిగించు నాచారము మన యిండ్లలో నుండెడిది. నేటికిని కొన్నియెడల గలదు. కుంపటి చేయు మేలును కీడును గ్రహించినవారికి ఈ హీటరు సంగతి సులభముగా బోధపడును.

ముందుగా ఆ దేశపు చలి యెట్టిదో తెలియవలయును. మన లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిపై మంచు పేరుకొన్నచో వింతగా చెప్పుకొందుము. ఎడ్మంటనులో జనవరి మాసమున సున్నకు దిగువ 30 డిగ్రీలకు దిగు రాత్రులు గలవు. అట్టి చలిలో డీజిలు బండికి రెండు చిక్కులు కలుగును. మొదటిది తైలమునకు సంబంధించినది. డీజిలులో మైనము వంటి పదార్థము కరగియుండును. మాఘమాసపు వేకువను మన యిండ్లలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టునట్లు, చలి ముదిరినపుడు ఆ మైనము రేణువులుగా విడివడి, తైలమును వడపోయు ఫిల్టరులో చిక్కుకొని దారి మూసివేయును. అందుచేతనే శీతదేశములలో చలికాలమునకు వేఱు డీజిలు అమ్ముదురు. మనదేశమునను లడఖు ప్రాంతమునకై ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీల చలివఱకు గడ్డకట్టని డీజిలును 2019లో విడుదల చేసినది.

రెండవ చిక్కు ఇంజనుది. పెట్రోలు ఇంజనులో వలె డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలి గట్టిగా అదిమినచో ఆ గాలియే కాగి, అందులో చిమ్మిన తైలమును మండించును. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడిపి చూపిన పద్ధతి యిదియే. సైకిలు పంపు కొట్టునపుడు దాని క్రిందిభాగము వేడెక్కుట మన పిల్లలెఱిగినదే గదా. లోహమంతయు రాత్రి చలికి చల్లబడియున్నపుడు, అదిమిన గాలిలోని వేడిని ఆ లోహమే లాగికొనును, ఇంజను మేలుకొనదు. మేలుకొన్నను, డీజిలు ఇంజను పొదుపరి కావున వ్యర్థముగా విడుచు వేడి తక్కువ. నిలిచియున్న బండిలో గది వెచ్చబడుటకు చాలసేపు పట్టును.

దీనికి ఆ ప్రాంతములవారి పాత ఉపాయము ఇంజనును విద్యుత్తుతో వెచ్చబెట్టుట. అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రమందలి గ్రాండ్ ఫోర్క్స్ పట్టణవాసియగు ఆండ్రూ ఫ్రీమన్ అట్టి హీటరునకు 1949లో పేటెంటు పొందెను. నేటికిని అచ్చటి బండ్ల ముందుభాగమున విద్యుత్తు తీగ యొకటి వ్రేలాడుచుండును. రాత్రివేళ దానిని గోడయందలి విద్యుత్తునకు తగిలింతురు. ఇంటివద్ద నీ సదుపాయమున్నవారు ముందుగా దీనినే వాడుకొనుట మేలు. కాని విద్యుత్తు లేని పొలములందును పని స్థలములందును ఇది కుదురదు. అట్టిచోట కొందఱు ఇంజనును ఆర్పకయే గంటలకొలది నడిపియుంచుదురు. పెద్ద లారీ యిట్లు నిలిచియుండగా గంటకు సుమారు 3 లీటర్ల డీజిలు త్రాగును. గదిని వెచ్చబెట్టు 2 కిలోవాట్ల చిన్న హీటరునకు గంటకు పావులీటరు చాలును. పొదుపెఱిగిన యిల్లాలికి ఈ లెక్క విప్పి చెప్పనక్కఱలేదు. గృహస్థు హీటరు కోరుటలో తప్పులేదని మేమును ఒప్పుకొనుచున్నాము.

ఇక నది పనిచేయు తీరు. ఇట్టి హీటర్లు చేయుటలో పేరుగన్న సంస్థలు రెండును జర్మనీలోని ఎస్లింగెన్ పట్టణమున పుట్టినవే: ఎబర్‌స్పెఖర్ 1865లోను, వెబాస్టో 1901లోను. నేడు చీనా దేశమునుండి చౌకవెలకు వచ్చునవియు అనేకములు గలవు. లోపలి యేర్పాటు అన్నిటను ఇంచుమించుగ నొక్కటే. చిన్న పంపొకటి బండి టాంకినుండి తైలమును టిక్కు టిక్కుమని కొలిచి, కొద్ది కొద్దిగా పంపును. చిన్న పంకా యొకటి మంటకు కావలసిన గాలిని తెచ్చును. గ్లో ప్లగ్గు అను కడ్డీ విద్యుత్తుతో ఎఱ్ఱగా కాగి తైలమును ముట్టించి, మంట నిలిచిన పిమ్మట తానారును. మంట చుట్టును లోహపు గోడ గలదు. గోడకు లోపల మంట. వెలుపల మనము పీల్చు గాలి. వేడి గోడను దాటి వచ్చును. పొగ దాటరాదు, దానికి వేఱుగా నొక ఉక్కు గొట్టము బండి వెలుపలికి పోవును.

కుంపటికిని దీనికిని గల భేదమంతయు ఆ గోడయందే యున్నది. కుంపటి మన గాలినే తిని, తన విషమును మన గాలిలోనే విడుచును. హీటరు బయటిగాలిని తిని బయటనే విడువవలయును. పొగదారి వేఱు, ఊపిరిదారి వేఱు. ఈ యొక్క నియమము నిలిచినంతవఱకు అది మంచి సేవకుడు. అమరకోశమున అగ్నికి గల పేళ్లలో ఆశ్రయాశుడనునది యొకటి. ఆశ్రయమిచ్చినదానినే భక్షించువాడని దాని యర్థము. బండిలో నిప్పు నిలుపువారు ఆ పేరును మఱువరాదు.

ఈ హీటర్లు రెండు విధములు. గాలిని వేడిచేయునది మొదటిది; దీనిని తఱచుగా గదిలోనే సీటుక్రింద బిగింతురు. పని స్థలములలో రాత్రులు బండిలోనే నిద్రించువారికి ఇది అనుకూలము. ఇంజను చుట్టును తిరుగు నీటిని, అనగా కూలెంటును, వేడిచేయునది రెండవది. దీనిని ఇంజనుండు అఱలో నమర్తురు. బిడ్డ గల యింటికి మా సలహా రెండవదియే. మంట గదిలోనికి రానేరాదు. కాగిన కూలెంటు ఇంజనును వెచ్చబెట్టి, బండిలో పూర్వమేయున్న వేడిగాలి యేర్పాటుద్వారా గదిని కూడ వెచ్చబెట్టును. దీనికి వెల హెచ్చు. పూర్తి మంటమీద గంటకు అరలీటరునకు పైగా తైలము తినును. నీటి గొట్టములు కోసి అతుకవలయును, లోపల గాలిబుడగలు నిలువకుండ మరల కూలెంటు నింపవలయును. కావున ఇది చేయితిరిగిన మెకానిక్కు చేయదగిన పని.

గదిలో బిగించు విధమునే ఎన్నుకొన్నచో, పొగగొట్టము, మంటకు గాలి తెచ్చు గొట్టము, తైలపు గొట్టము, మూడును బండి అడుగున రంధ్రము చేసి క్రిందికే దింపవలయును. హీటరు అడుగునకును బండి నేలకును నడుమ సందులేకుండ దాని పట్టీని వేసి బిగింపవలయును. పొగగొట్టపు అతుకు ఒక్కటియు గదిలో నుండరాదు. చప్పుడు తగ్గించు మఫ్లరు సందులనుండియు పొగ కొంత కారును. అదియు బయటనే యుండవలయును. హీటరును ఊరక గదిలో నిలిపి, గొట్టమును కిటికీనుండి బయటికి పెట్టుట ప్రాణాపాయము.

పొగగొట్టపు కొస తలుపులక్రింద గాని, అద్దము ముందుభాగమున గాలి లోనికి పీల్చు చోటికి సమీపమున గాని యుండరాదు. ఆ గొట్టము మిక్కిలి కాగును గనుక తైలపు గొట్టములకును, బ్రేకు గొట్టములకును, తీగలకును దూరముగా నడపవలయును. టాంకిలోనికి దింపు తైలపు గొట్టము అడుగంటరాదు. పొట్టిగానున్నచో తైలము తగ్గినపుడు హీటరు ముందుగా ఆరిపోయి, ఇల్లు చేరుటకు ఇంజనునకు కొంత మిగులును. పంపును బల్లపరుపుగా గాక, తైలము బయలుదేరు కొస పైకుండునట్లు వాలుగా బిగించిన గాలిబుడగలు నిలువవు. విద్యుత్తు తీగకు బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు వేయవలయును. దూరముగా వేసినచో నడుమనున్న తీగకు రక్షణ లేదు.

వాడుకయందు ఇల్లాలు తెలిసికొనవలసినవి మఱికొన్ని గలవు. హీటరును ఆర్పిన పిదప కొన్ని నిమిషములు పంకా తిరుగుచునే యుండును. లోపలి వేడిని చల్లార్చుకొనుట దాని పని. తొందరపడి బ్యాటరీ తీగను ఊడబెరికినచో యంత్రము కాలిపోవును. తైలము పోయించుకొను చోట హీటరు ఆరియుండవలయును. మంచు కురిసిన మఱునాడు పొగగొట్టపు కొసను మంచు మూయలేదని చూచిన పిమ్మటనే ముట్టింపవలయును. ఎల్లపుడు సన్నని మంటమీదనే యుంచినచో లోపల మసి పేరుకొనును. అపుడపుడు పూర్తి మంటమీద నడుపవలయును. వేసవిలో సైతము నెలకొకసారి పది నిమిషములు మండించినచో తైలము జిగురై పంపు పట్టుకొనదు. ఎంతసేపు హీటరు వాడితిమో అంతసేపు బండి నడిపిననే బ్యాటరీ తిరిగి నిండునని గుఱుతుంచుకొనవలయును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది బండి నిలుపు కొట్టు సంగతి. ఆ దేశమున పెక్కిండ్లలో బండి కొట్టు ఇంటికి అంటుకొనియుండును. ఈ హీటర్లకు గడియారపు ఏర్పాటు గలదు. రాత్రి అమర్చినచో ఉదయమున నంతట నదియే ముట్టుకొనును. బండిని మూసిన కొట్టులో నుంచి గడియారమును మఱచినచో, ఇంటివారు నిద్రించుచుండగనే విషవాయువు కొట్టునిండి ఇంటిలోనికి వచ్చును. కొట్టులో బండి పెట్టునపుడు గడియారము నాపితిరా యని ప్రతి రాత్రియు అడుగుట ఇల్లాలి విధి. తలుపు గడియ వేసితిరా యని అడుగుట వంటిదే యిదియును.

ఆ విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. పొగను చూచి నిప్పును ఊహించుట తార్కికుల మార్గము. నిప్పు లేనిదే పొగ రాదని లోకమును చెప్పుకొనును. ఈ విషమునకు అట్టి గుఱుతు లేదు. రంగు లేదు, వాసన లేదు. రక్తమున ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిను నిది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ప్రాణవాయువునకు చోటు మిగులదు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము, పిదప మగత కలుగును. పెద్దలు చలి తగిలినదనుకొందురు. బిడ్డకు చెప్పుకొను మాట లేదు. బండిలో నిట్లుండి, బయటికి వచ్చినంతనే తేలికపడినచో హీటరునే అనుమానింపవలయును. బిడ్డ అకారణముగా మందముగానుండి, లేపినను లేవకున్నచో క్షణమైనను ఆలోచింపక, కంబళి చుట్టి బయటిగాలికి తెచ్చి, వెంటనే 911కు ఫోను చేయవలయును.

ఈ వాయువును కనిపెట్టి కూయు అలారములు అమ్మకమున గలవు. ఇండ్లకై చేసినవానిలో పెక్కింటికి అంతటి చలి పడదు. బండ్లకై చేసినదానినే కొనవలయును. బండిలో నొకటియు, పడకగది దగ్గఱ నొకటియు నుండవలయును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ఇది చౌక.

సోదరి తన భర్తను కలహమునకు తావీయక అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. మంట గదిలోనా, బయటనా? పొగగొట్టపు కొస యెక్కడ? గడియారము నాపు బాధ్యత యెవరిది? అలారము కొన్నారా? ఆయన స్వయముగా బిగించినను, బిడ్డను ఎక్కించుటకు పూర్వము ఇట్టి హీటర్లు బిగించి యలవాటుగల పనివానిచేత నొకసారి పరీక్ష చేయింపుమని కోరవలయును. లక్కయింటి సంగతి విదురుడు ముందుగా తెలిపినందుననే పాండవులు జాగరూకులైరి. వారిని పిఱికివారని యెవరును అనలేదు. నాలుగింటికిని సరియైన సమాధానములు దొరికిననాడు, బిడ్డనెత్తుకొని నిశ్చింతగా బండి యెక్కవచ్చును.