తరిగినది ఒక్క నిమిషము

ఇంటి నుండియే ఉద్యోగము చేయు సౌకర్యమును, ముఖ్యముగా స్త్రీలకు, విస్తృతముగా కల్పింపదలచితిమని 2025 ఫిబ్రవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకటించిన నాటి నుండి, ఆ యోచనను ప్రశంసించినవారును ఆక్షేపించినవారును పెక్కుమంది ఒక విషయమున మాత్రము ఏకాభిప్రాయము గలవారై కనిపించుచున్నారు. ఇంటి పని స్త్రీది. దానికి లోటు రాకుండ ఆమెకు జీతము తెచ్చు పనిని ఎట్లు సమకూర్పవలెనన్నదే వారి చర్చ. ఇంటి పని స్త్రీదని నిర్ణయించినదెవరన్న ప్రశ్న ఆ చర్చలోనికి రానేలేదు. గృహకృత్యమును స్త్రీ స్వభావమునకు ముడివేసిన సమాజము, ఆ ముడిని విప్పుటకు మారుగా, ఉద్యోగమును గూడ తెచ్చి అందులోనే బిగించుట సంస్కరణ మనిపించుకొనదు.

ఆ ప్రకటన వెలువడిన రెండు వారములకే, ఫిబ్రవరి 25న, కేంద్ర గణాంక శాఖ 2024వ సంవత్సరపు కాలవినియోగ సర్వేను ప్రకటించినది. ఆరేండ్లు నిండినవారిలో, జీతము లేని ఇంటి పని చేసిన స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును అందుకు వెచ్చించినట్లు అది చెప్పుచున్నది. 2019వ సంవత్సరపు సర్వేలో ఈ సంఖ్యలు 299, 97. స్త్రీల భారము పది నిమిషములు తగ్గినదని సంతసించినవారు, పురుషుల లెక్కలోనుండియు తొమ్మిది నిమిషములు తగ్గిన సంగతిని ప్రస్తావింపరైరి. నాడు వ్యత్యాసము 202 నిమిషములు, నేడు 201. అయిదేండ్లలో తరిగినది ఒక్క నిమిషము. స్త్రీకి దక్కిన ఆ కాస్త వెసులుబాటునకు గ్యాసుపొయ్యి కారణమో, ఇంటి ముంగిటి కుళాయి కారణమో గాని, పురుషుని చేయి మాత్రము కారణము కాదు.

ఈ అయిదేండ్ల నడుమ ఏమి జరిగినదో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. కరోనా కాలమున లక్షలాది పురుషులు నెలల తరబడి ఇంటనే కూర్చుండి, వంటయింటికి పది అడుగుల దూరమున, కంప్యూటరు ముందు ఉద్యోగములు చేసిరి. పురుషుడు ఇంటి పనిలో పాలుపంచుకొనకుండుటకు ఆఫీసు దూరమే కారణమైనచో, ఆ దూరము తొలగినప్పుడు అలవడిన కొత్త నడవడి ఏదియైనను 2024 లెక్కలో కనబడవలసియుండెను. కనబడినది ఒక్క నిమిషము. ఇంటి నుండి పని అను ప్రయోగము దేశమంతట జరిగియే యున్నది. దాని ఫలితము అచ్చయి మన యెదుట నున్నది. అట్లుండగా ఆ ప్రయోగమునే, ఈ మారు స్త్రీలను ముఖ్యముగా ఉద్దేశించి, తిరిగి చేయబూనుటకు ఆధారమేమో ప్రభుత్వము చెప్పలేదు, అడుగవలసినవారు అడుగలేదు.

ఇదంతయు ప్రకృతి ధర్మమనియు, ప్రసవించునది స్త్రీ గనుక గృహమును ఆమెదే యనియు వాదించువారు ఆ సర్వే పట్టికను ఒక్కమారైనను తెరచి చూచియుండరు. శిశుపోషణ, వృద్ధుల పరిచర్య అందు వేరొక పద్దు క్రింద లెక్కింపబడినవి. ఈ 289 నిమిషములలో చంటిబిడ్డకు పాలిచ్చిన కాలము లేదు. ఉన్నది వంట, అంట్లు తోముట, ఇల్లూడ్చుట, బట్టలుతుకుట, వెచ్చములు తెచ్చుకొనుట. వీనిలో దేనికి గర్భాశయము ఆవశ్యకమో వారు సెలవియ్యవలెను. పెండ్లిపందిరి వెనుక గాడిపొయ్యిల కడ నిలిచి వేయిమందికి వండి వార్చువారు ప్రాయికముగా పురుషులే. విరటుని కొలువున భీమసేనుడు వంటవాడై ఏడాది గడపినందున అతని పౌరుషమునకు లోపము వచ్చినదని ఏ పౌరాణికుడును చెప్పలేదు. కూలి ముట్టిన చోట, పేరు వచ్చిన చోట పురుషునికి అలవియైన గరిటె, తన యింట తన బిడ్డకు అన్నము వండవలసినప్పుడు మాత్రము అతని స్వభావమునకు విరుద్ధమగుట ఏ ప్రకృతి శాస్త్రమునకును అందదు.

దేహమున పుట్టిన భేదము వేరు, సమాజము కల్పించిన భేదము వేరని సామాజిక శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ 1972లోనే విశదీకరించి, రెండేండ్లకు లండను గృహిణులు నలువదిమందిని విచారించి, గృహశ్రమ సామాజిక శాస్త్రము పరిశీలింపదగిన పనియే యని నిరూపించినది. కాండస్ వెస్ట్, డాన్ జిమ్మర్‌మన్ అను సామాజిక శాస్త్రవేత్తలు 1987లో ఇంకొక మెట్టు ముందుకు పోయి, స్త్రీత్వ పురుషత్వములు మనుష్యులతో పుట్టిన గుణములు గావనియు, నిత్యవ్యవహారమున ఎదుటివారి మెప్పునకో నిందకో లోబడి క్షణక్షణము ఆచరింపబడు చేష్టలనియు ప్రతిపాదించిరి. కంచము తీయకుండ లేచిపోయిన కొడుకును ఏమియు అనక, కూతురిని మాత్రము మందలించు ప్రతి యింటను ఈ నిర్మాణము నేటికిని జరుగుచున్నది. ఇది పరదేశపు సిద్ధాంతమని త్రోసివేయువారు, తారాబాయి షిండే 1882లో మరాఠీలో స్త్రీ పురుషులకు వేర్వేరు ధర్మములు విధించిన పద్ధతిని ఎంత తీవ్రముగా నిలదీసినదో తెలిసికొందురు గాక.

పైగా 88 అన్న సంఖ్యయు పురుషులకు అనుకూలమైనదే. అది ఇంటి పని ఎంతో కొంత చేసినవారి సగటు మాత్రమే. 2019లో అట్టి పురుషులు నూటికి 26.1 మంది, స్త్రీలు 81.2 మంది. చేయనివారిని గూడ కలిపి లెక్కించినచో మిగులునది ఏపాటి? 2021 జనవరిలో, రోడ్డు ప్రమాదమున మరణించిన దంపతుల నష్టపరిహారపు కేసున, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణ 299, 97 అను ఆ సంఖ్యలనే ఉదాహరించి గృహిణి శ్రమకు ఆదాయము కట్టవలసినదే యని వ్రాసిరి. అది ఉత్తమమైన తీర్పు. కాని ఆ శ్రమకు వెల కట్టుటకు మన వ్యవస్థకు ఆమె మరణము కావలసివచ్చినది. బ్రతికియున్నంత కాలము ఆమె ఏ పనియు చేయనిదే.

చంటిబిడ్డల తల్లులు కొందరికి ఇంటి నుండి పని మేలు చేయునన్నది నిజమే. పల్లెలకు చేరువగా కార్యస్థలములు ఏర్పరతుమని ప్రభుత్వము చెప్పుటయు మంచిదే. అంతమాత్రమున విధానము న్యాయమైనది కాజాలదు. 2017వ సంవత్సరపు ప్రసూతి చట్ట సవరణ తల్లికి 26 వారముల సెలవిచ్చి, పిమ్మట ఇంటి నుండి పని చేయు వీలును ఆమెకే కల్పించినది. తండ్రి మాట ఆ చట్టమున లేనేలేదు. కేంద్రప్రభుత్వోద్యోగియైన తండ్రికి వేరు నిబంధనల క్రింద 15 దినములు. ప్రైవేటు ఉద్యోగియైన తండ్రికి చట్టబద్ధముగా ఒక్క దినమును లేదు. బిడ్డ తల్లిదని చట్టము, ఇల్లు ఆమెదని ప్రభుత్వ ప్రకటన, ఆమె స్వభావమే అంత యని పండితుల వ్యాఖ్య: ఈ మూడును కలిసి కట్టిన గోడకు ప్రకృతి యని పేరు పెట్టుట ఇకనైన మానవలెను. తండ్రికి తల్లితో సమానమైన సెలవును, అతడు దానిని వినియోగించుకొని తీరవలెనన్న నియమమును చట్టమున చేర్చుటకు సిద్ధపడని ప్రభుత్వమునకు స్త్రీ సాధికారత పేరెత్తు అర్హత లేదు. అయిదేండ్లకు ఒక్క నిమిషము చొప్పున 201 నిమిషములు తరుగుటకు వేయి సంవత్సరములకు పైబడి పట్టును. అంతకాలము వేచియుండుమని ఏ ఆడుబిడ్డతో చెప్పుదురో ఏలికలు చెప్పవలెను.