పింగ్‌లో దశాంశాలు చూసి గేమింగ్ ఫోన్ కొనకండి

ఈ మధ్య గేమింగ్ ఫోన్ల రివ్యూల్లో ‘పింగ్ 23.417 మిల్లీసెకన్లు’ లాంటి నంబర్లు కనిపిస్తున్నాయి. పాయింట్ తర్వాత మూడు అంకెలు ఉంటే పక్కాగా కొలిచారనిపిస్తుంది. నన్నడిగితే, ఏ గడియారంతో కొలిచారో, దాన్ని ఎక్కడ చదివారో చెప్పని పింగ్ నంబర్ రివ్యూలో వేయకపోవడమే బెటర్.

ముందు గడియారం సంగతి. ప్రాసెసర్ లోపల ఆగకుండా పెరిగే ఒక కౌంటర్ ఉంటుంది. ప్యాకెట్ పంపేటప్పుడు ఒకసారి, జవాబు వచ్చాక ఇంకోసారి చదివి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే పట్టిన టైమ్ వస్తుంది. ఇంటెల్ దీన్ని 1993లో పెంటియంతో తెచ్చింది. పాత చిప్‌లలో అది సీపీయూ స్పీడ్‌తో పాటే నడిచేది. పవర్ ఆదా కోసం చిప్ నెమ్మదిస్తే గడియారం కూడా నెమ్మదించేది! తర్వాతి చిప్‌లలో స్పీడ్ ఎంత మారినా కౌంటర్ ఒకే వేగంతో పెరిగేలా మార్చారు.

మన ఫోన్లలోని ఆర్మ్ చిప్‌లలో రెండు రకాల కౌంటర్లుంటాయి. ఒకటి సీపీయూ సైకిల్స్ లెక్కపెడుతుంది, మామూలు యాప్‌లకి దాన్ని చదివే పర్మిషన్ సాధారణంగా ఉండదు. రెండోది స్థిరంగా నడిచే సిస్టమ్ టైమర్. చాలా స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో ఇది 19.2 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో టిక్ సుమారు 52 నానోసెకన్లు. 20 మిల్లీసెకన్ల పింగ్‌లో దాదాపు 3.8 లక్షల టిక్‌లు పడతాయి కాబట్టి ఇది చాలు, మిగులు కూడా. సైకిల్స్‌ని బాక్సు మీది గిగాహెర్ట్జ్‌తో భాగించి టైమ్ చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి. ఫోన్‌లో ఆ స్పీడ్ క్షణానికోలా ఉంటుంది.

అసలు తేడా కౌంటర్ని ఎక్కడ చదివామన్న దాంట్లో ఉంది. జవాబు రేడియో చిప్‌కి చేరాక ఇంటరప్ట్ రావాలి, కెర్నల్ చూడాలి, యాప్ థ్రెడ్ నిద్రలేవాలి. యాప్‌లో చదివితే ఇదంతా కలిసే వస్తుంది. ఆడేవాడికి తగిలేది ఆ మొత్తమే, కాబట్టి కొలవడం తప్పు కాదు. దానికి ‘నెట్‌వర్క్ లేటెన్సీ’ అని పేరు పెట్టడమే తప్పు.

ఇంకో మెలిక వైఫై నిద్ర. సెకనుకొక పింగ్ పంపితే మధ్యలో రేడియో కునుకు తీస్తుంది. అప్పుడు జవాబు రూటర్ దగ్గరే ఆగి, తర్వాతి బీకన్ దాకా ఎదురుచూస్తుంది. బీకన్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది. గేమ్‌లో ప్యాకెట్లు ఆగకుండా నడుస్తాయి కాబట్టి రేడియోకి పడుకునే తీరికే ఉండదు. అంటే అదే ఫోన్, అదే రూటర్, పింగ్ గ్యాప్ మారిస్తే ఫలితం మారిపోవచ్చు. ఆ గ్యాప్ ఎంతో రివ్యూల్లో ఎవరూ రాయరు!

సగటు గురించి కూడా ఒక మాట. 99 ప్యాకెట్లు 20 మిల్లీసెకన్లలో, ఒకటి 220లో వస్తే సగటు 22. చూడ్డానికి సూపర్. కానీ 60 ఎఫ్‌పీఎస్ గేమ్‌లో ఆ ఒక్క ప్యాకెట్ ఆలస్యం 12 ఫ్రేములు. మీరు గురిపెట్టిన శత్రువు ఈలోపు గోడ వెనక్కి పోతాడు. అందుకే సగటు పక్కన 99వ పర్సంటైల్ కూడా వేయాలి.

లాంచ్ స్లైడ్‌లో ‘లేటెన్సీ 30 శాతం తక్కువ’ అని కనిపిస్తే కామెంట్లలో ఇది అడగండి: నిజంగా వైఫై మెరుగుపడిందా, లేక రేడియోని నిద్రపోనివ్వకుండా మీ బ్యాటరీతో తెచ్చిన నంబరా?