పాతకారులు - నడిమి యేండ్లు

వీధిలో అంబాసిడరు కారు కానవచ్చినచో నేటికిని పెద్దలు నిలిచి చూతురు. తమ యింటి బండి ముచ్చటలు చెప్పుకొందురు. సొమ్ము కట్టియు ఏండ్లతరబడి వంతుకై వేచియుండిన దినము లవి. ఉత్తరపారాలో దాని నిర్మాణము 2014లో నిలిచిపోయినది. బొంబాయిలో పద్మినీ టాక్సీల కాలము 2023లో ముగిసినది. మిగిలినవి యజమానుల శ్రద్ధవలననే నిలువవలెను.

2021 నాటి కేంద్ర నిబంధనలు 50 ఏండ్లు దాటిన బండ్లను ప్రాచీన వాహనములుగా గుర్తించినవి. ఇది మెచ్చదగినదే. కాని 15 ఏండ్లు దాటి, 50 నిండని బండ్ల గతి యేమి? వాని రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 600 రూపాయలుగా నుండిన రుసుము 2022లో 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 అయినది. నడిమి యేండ్లలో తుక్కైపోయిన బండి యేబదవ యేట ప్రాచీనవాహన మెట్లగును?

పొగ వెదజల్లు బండ్లను, బ్రేకులు చెడిన బండ్లను కాపాడుమని మేము కోరుట లేదు. పరీక్షకు నిలిచి, అరుదుగా మాత్రమే రోడ్డెక్కు బండ్లకు రుసుము తగ్గించుట న్యాయము. యజమానులును బండితోపాటు దాని పత్రములను, తమ జ్ఞాపకములను భద్రపరుపవలెను. ప్రభుత్వమువారు ఈ విషయమును సత్వరమే ఆలోచింతురు గాక!