గనిని వదిలిపోని కొనుగోలుదారు

ఒక సంస్థ తనకు కావలసిన ముడిసరుకునూ విడిభాగాలనూ ఎవరి దగ్గర, ఏ ధరకు, ఏ షరతుల మీద కొనాలో నిర్ణయించుకునేటప్పుడు, ఆ సరుకు వెనక ఉన్న శ్రామికుల కూలినీ భద్రతనూ బతుకుతెరువునూ కూడా లెక్కలోకి తీసుకోవడాన్ని సామాజిక బాధ్యతతో కూడిన కొనుగోలు అంటున్నారు. పెద్ద కంపెనీల ఆచరణలో ఇది చాలావరకు కాగితాల వ్యవహారంగా స్థిరపడింది: సరఫరాదారు చేత ప్రవర్తనా నియమావళి మీద సంతకం చేయించుకోవడం, అప్పుడప్పుడూ తనిఖీ జరిపించడం, తప్పు బయటపడితే ఒప్పందం రద్దు చేసుకోవడం. చిక్కంతా ఈ మూడో మెట్టు దగ్గరే ఉంది. ఒప్పందం రద్దయితే కొనుగోలుదారు పేరుకు మచ్చ అంటదు గాని, ఆ తప్పుకు బలైన కూలీకి ఉన్న కాస్త పని కూడా పోతుంది. ఇలా తప్పుకోవడాన్నే బాధ్యతగా భావించే ధోరణికి భిన్నమైన దారిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫెయిర్‌ఫోన్ సంస్థ ఎంచుకుంది. 2010లో ఖనిజాల గురించి ప్రజలకు తెలియజెప్పే ప్రచారంగా మొదలై, 2013లో కంపెనీగా మారిన ఈ సంస్థ ఏటా అమ్మేది లక్ష ప్రాంతంలో ఫోన్లే అయినా, అది కొనే తీరు శ్రద్ధగా పరిశీలించదగినది.

మొబైల్ ఫోను టంకంలో తగరం, కెపాసిటర్లలో టాంటలం, ఫోను అదిరేలా చేసే చిన్న మోటారులో టంగ్‌స్టన్, సర్క్యూట్ బోర్డులో బంగారం ఉంటాయి. ఈ నాలుగూ తూర్పు కాంగోలో దొరుకుతాయి. అక్కడి సాయుధ ముఠాలు గనులను ఆక్రమించుకుని, దారికాచి పన్నులు వసూలు చేసి, ఆ డబ్బుతో యుద్ధాలు సాగించాయి గనుక వీటికి సంఘర్షణ ఖనిజాలన్న పేరు వచ్చింది. 2010 జూలైలో అమెరికా చేసిన డాడ్-ఫ్రాంక్ చట్టంలోని 1502వ సెక్షన్, అక్కడి స్టాక్ మార్కెట్లలో నమోదైన కంపెనీలు తమ సరుకులో కాంగో నుంచి గాని, దాని పొరుగు దేశాల నుంచి గాని వచ్చిన ఈ ఖనిజాలు ఉన్నాయేమో విచారించి వెల్లడించాలని నిర్దేశించింది. కొనవద్దని చట్టం ఎక్కడా చెప్పలేదు. అయినా విచారణ జరిపి నిరూపించుకోవడం కంటే ఆ ప్రాంతపు సరుకు జోలికి పోకుండా ఉండడమే సులువని చాలామంది కొనుగోలుదారులు తేల్చుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో కాంగో అధ్యక్షుడు కబిలా తూర్పు రాష్ట్రాల్లో తవ్వకాలను నిషేధించారు. 2011 మార్చిలో ఆ నిషేధం తొలగిపోయాక కూడా గిరాకీ మునుపటిలా కోలుకోలేదు. ఏ ముఠాతోనూ సంబంధం లేకుండా గునపం, పార పట్టుకుని సొంతంగా తవ్వుకుని బతికే కుటుంబాలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. సదుద్దేశంతో చేసిన చట్టం పేదవాడి కంచాన్ని ఇలా లాగేసుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే భాగం.

2012లో డచ్ ప్రభుత్వ చొరవతో దక్షిణ కివు రాష్ట్రంలోని కలింబి గని తగరాన్ని కొనే పథకం మొదలైనప్పుడు, ఫిలిప్స్, టాటా స్టీల్ వంటి మహా సంస్థల సరసన, అప్పటికి ఒక్క ఫోను కూడా తయారుచేయని ఫెయిర్‌ఫోన్ చేరింది. గని దగ్గరే ఖనిజపు బస్తాకు చీటీ కట్టి, ఎగుమతి దాకా అది చేతులు మారిన ప్రతిసారీ నమోదు చేయడం ఆ పథకం పద్ధతి. ఈ చీటీల వ్యవస్థ నిర్దోషమైనదేమీ కాదు. ఇతర గనుల నుంచి దొంగతనంగా వచ్చిన సరుకుకు కూడా చీటీలు పడుతున్నాయని 2022లో గ్లోబల్ విట్‌నెస్ సంస్థ తీవ్రమైన ఆరోపణలు చేసింది. నిర్వాహకులు వాటిని ఖండించారు. అయితే లోపం ఉన్న వ్యవస్థను ప్రశ్నించి సరిదిద్దగలిగేది అందులో ఉండి సరుకు కొనేవాడే. కోబాల్టు విషయంలోనూ ఫెయిర్‌ఫోన్ ఇదే వైఖరి తీసుకుంది. బ్యాటరీలకు కావలసిన ఈ లోహంలో అధిక భాగం కాంగో నుంచే వస్తుంది. అక్కడి చేతి తవ్వకాల్లో పిల్లల చాకిరీని 2016లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. ఆ చేతి తవ్వకాలను వెలివేయకుండా, వాటిని సురక్షితంగా మార్చే ప్రయత్నాలకు డబ్బు సమకూర్చేందుకు 2020లో ఏర్పడిన కూటమి వ్యవస్థాపకుల్లో ఈ సంస్థ ఒకటి.

ఇదంతా భరించలేని ఖర్చన్న వాదానికి బంగారం లెక్క సమాధానం చెబుతుంది. చిన్న ఉత్పత్తిదారుల సంఘాలకు కనీస ధరనూ, దానిపైన ఊరి ఉమ్మడి అవసరాల కోసం కొంత అదనపు మొత్తాన్నీ హామీ ఇచ్చే ఏర్పాటును ఫెయిర్‌ట్రేడ్ ధ్రువీకరణ అంటారు. బంగారానికి ఆ అదనం కిలోకు 2,000 డాలర్లు. ఒక ఫోనులో ఉండే బంగారం 30 మిల్లీగ్రాముల ప్రాంతం కాబట్టి ఫోనుకు పడే అదనపు భారం ఆరు సెంట్లు, అంటే సుమారు ఐదు రూపాయలు. కష్టమంతా దారిలో ఉంది: పెరూలోని చిన్న గనుల బంగారం శుద్ధి కర్మాగారం దాటి, చైనాలోని విడిభాగాల ఫ్యాక్టరీకి చేరాలి, లక్ష ఫోన్ల కోసం ఆ ఫ్యాక్టరీ వేరే ఉత్పత్తి వరుస నడపదు. ఇటువంటి చోట్ల, ధ్రువీకరించిన బంగారం మామూలు బంగారంతో కలిసిపోయినా, కొన్న మొత్తం మేరకే ఆ పేరు వాడుకోనిచ్చే పరిమాణాల లెక్క పద్ధతి పనికొస్తుంది. ఫెయిర్‌ట్రేడ్ బంగారాన్ని స్మార్ట్‌ఫోన్ సరఫరా గొలుసులోకి ఫెయిర్‌ఫోన్ 2016లో తీసుకురాగలిగింది.

కూలి విషయంలో దాని ఆచరణ మరింత లోతైనది. ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనం వేరు, జీవన వేతనం వేరు. మామూలు పని గంటలతోనే కుటుంబానికి తిండి, నివాసం, చదువు, ఆపదకు కాస్త పొదుపు సమకూర్చగలిగినది జీవన వేతనం. భారత రాజ్యాంగం 43వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా చెప్పినది దానినే. తొలి ఫోను తయారైన చైనాలోని చోంగ్‌చింగ్ ఫ్యాక్టరీలో, ఫోను ఒక్కింటికి ఫెయిర్‌ఫోన్ రెండున్నర డాలర్లు, ఫ్యాక్టరీ మరో రెండున్నర డాలర్లు కార్మిక సంక్షేమ నిధిలో వేశాయి. ఆ డబ్బు ఎలా ఖర్చు చేయాలో కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులే చర్చించారు. 2019 నుంచి సుజౌలోని మరో ఫ్యాక్టరీలో, వస్తున్న జీతానికీ జీవన వేతనానికీ మధ్య అంతరాన్ని లెక్కగట్టి, తన ఆర్డరు వాటా మేరకు బోనస్ చెల్లించసాగింది. ఫోనుకు రెండు యూరోలకు లోపే పడిన ఆ మొత్తాన్ని తన ఫోను బిగించినవారికే పరిమితం చేయకుండా ఫ్యాక్టరీలోని కార్మికులందరికీ పంచింది. మంచి జీతాలివ్వాలని సరఫరాదారుకు నీతి చెబుతూనే ధర తగ్గించమని బేరమాడే కొనుగోలుదారు చేయలేని పని ఇది. పైగా 325 యూరోల తొలి ఫోను ధరలో ఏ పైసా ఎటు పోయిందో ఆ సంస్థ బహిరంగంగా ప్రకటించింది. ఏటా వంద కోట్లకు పైగా ఫోన్లు అమ్ముడయ్యే ప్రపంచంలో లక్ష ఫోన్లు ఏ మూలకన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇంత చిన్న కొనుగోలుదారుకు సాధ్యమైనది తమకు అసాధ్యమని పెద్ద కంపెనీలు ఇకమీదట చెప్పలేవు.

ధరకూ బాధ్యతకూ ఉన్న ముడికి తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. సంకర పత్తి విత్తనం పండించాలంటే మొగ్గ మొగ్గకూ కేసరాలు గిల్లి, మర్నాడు వేరే రకం పుప్పొడిని చేత్తో అద్దాలి. సీడ్ పత్తి రైతులు క్రాసింగ్ అని పిలిచే ఈ పనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి ఆడపిల్లలను బడి మాన్పించి తీసుకొచ్చేవారు. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డ కోర్టా 2005లో వెలువరించిన అధ్యయనం, విత్తన కంపెనీలు రైతుకిచ్చే సేకరణ ధర పెద్దవాళ్లకు కూలి ఇచ్చి పని చేయించుకోవడానికి చాలదని లెక్కలతో చూపింది. అలాంటి ధర ఇచ్చే కంపెనీ బాల కార్మికులు వద్దని ఒప్పందంలో రాసుకుని, పిల్ల కనబడిన పొలాన్ని వదిలేసుకుంటే, ఆ పిల్ల అంతకన్నా తక్కువ కూలికి పక్క చేలోకి పోయే ప్రమాదం ఉంటుంది. సెబీ 2022-23 నుంచి వెయ్యి అగ్రశ్రేణి నమోదిత కంపెనీలకు తప్పనిసరి చేసిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో అందుకే మూడు వివరాలు అడగాలి: తప్పు కనబడిన చోట కంపెనీ ఎందరు సరఫరాదారులను వదులుకుంది, ఎందరి దగ్గర ధర పెంచి కొనుగోలు కొనసాగించింది, ఆ పెంపులో కూలీ చేతికి ఎంత చేరింది.