పెద్దాళ్ల పందెంలో చిన్న షెడ్డు

2025 జూన్ 14, శనివారం. రాత్రి ఏడున్నరకి నేను చపాతీ పిండి కలుపుతుంటే మావాడు ఫోను తెచ్చి వంటింటి గట్టు మీద డబ్బాకి ఆనించి పెట్టాడు. ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్లో కార్ల పందెం అప్పుడే మొదలైంది. వడ్డించాను, తిన్నాం, గిన్నెలు కడిగాను, పడుకున్నాం. తెల్లారి లేచి ఇడ్లీ పెడుతుంటే అవే కార్లు అదే రోడ్డు మీద తిరుగుతున్నాయి! మధ్యాహ్నం కునుకు తీసి లేచినా అవలేదు. ఆదివారం రాత్రి ఏడున్నరకి గానీ జెండా ఊపలేదు. 62 కార్లు, కారుకి ముగ్గురేసి డ్రైవర్లు, వంతులవారీగా ఇరవై నాలుగ్గంటలు.

"డబ్బున్నవాళ్ల సరదా, నీకెందుకోయ్?" అన్నారు మావారు.

సరదా డబ్బున్నవాళ్లదే, కాదనను. కానీ మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డుండేది. కారు ఆగి పెట్రోలు పోసుకుంటున్నప్పుడు నా కళ్లు డ్రైవరు మీదకి పోవు, టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నవాళ్ల మీదకి పోతాయి. ఏం చేస్తాం, పెరిగిన చోటు అలాంటిది!

ఆఖరికి పసుపురంగు ఫెరారీ గెలిచింది. కుబిట్సా, యే యీఫే, ఫిల్ హాన్సన్ నడిపారు. "అమ్మా, ప్రైవేటు టీము గెలిచింది, 2005 తర్వాత ఇదే!" అని మావాడు ఎగిరి గంతేశాడు. ఆ టీము పేరు ఎ.ఎఫ్. కోర్సె. తర్వాత విచారిస్తే తెలిసిందేమిటంటే, ఫెరారీ కంపెనీ సొంత ఎర్ర కార్లని కూడా నడిపేది వాళ్లేనట. చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. వేరు కాపురమే గానీ బియ్యం, పప్పు మాత్రం పుట్టింటి నుంచి వస్తాయన్నమాట! వాళ్ల పనితనాన్ని తక్కువ చెయ్యను. కానీ చిన్న టీము గెలిచిందంటే మాత్రం ఒప్పుకోలేను.

నిజంగా చిన్నవాళ్లు పెద్దవాళ్లని కొట్టిన కథ వేరే ఉంది. జర్మనీలో రైన్‌హోల్డ్ యోస్ట్ అనే ఆయన, తనూ డ్రైవరే, సొంతంగా టీము పెట్టుకున్నాడు. 1984లో పోర్షా 956 కారుతో లె మాన్స్ గెలిచాడు. ఆ ఏడు పెట్రోలు రూలు మీద పేచీ వచ్చి పోర్షా కంపెనీ టీము పందేనికి రాలేదు. పెద్దాళ్లు లేరు గనక గెలిచాడులే అని అనుకునేవాళ్లు అనుకునే ఉంటారు. 1985లో కంపెనీవాళ్లు కొత్త 962 కార్లతో దిగారు. యోస్ట్ ఏం తెచ్చాడో తెలుసా? నిరుటి కారే! అచ్చంగా అదే కారు, తుడిచి, విప్పి, మళ్లీ బిగించి తెచ్చాడు.

ఆ ఏడు పెట్రోలు కోటా తగ్గించారు. ఇరవై నాలుగ్గంటలకీ కలిపి 2,210 లీటర్లు, ఆపైన చుక్క పొయ్యరు. గట్టిగా తొక్కితే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. యోస్ట్ కారూ, ఇంకో ప్రైవేటు పోర్షా మొదటి గంటల్లో ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ముందున్న కారు గాలిని చీలుస్తుంది, వెనకదానికి పెట్రోలు మిగులుతుంది. కాసేపయ్యాక మీరు ముందు, మేం వెనక. గ్యాసు బండ నెలాఖరు దాకా రావాలంటే కందిపప్పు ముందే నానబెట్టుకుంటామే, ఆ తెలివి ఇది. మర్నాడు చూస్తే యోస్ట్ కారు మొదట, ఆ రెండో ప్రైవేటు కారు దాని వెనక, కంపెనీ కారు మూడోది.

ఆ గెలిచిన కారు నడిపిన ముగ్గుర్లో ఒకాయన పేరు 'జాన్ వింటర్' అని రాసుకున్నారు. అసలు పేరు లూయీ క్రాగెస్, కలప వ్యాపారి. పందేలకి వెళ్తున్నట్టు వాళ్లమ్మకి తెలియకూడదని దొంగపేరు పెట్టుకున్నాడట! తీరా గెలిచేసరికి పేపర్లో ఫోటో పడింది. ఇంకేముంది, అమ్మకి తెలిసిపోయింది.

1996లోనూ ఇదే తంతు. పోర్షావాళ్లు ఒక కారుని తయారుచేయించి, రూల్సు మారాయని పక్కన పడేశారు. యోస్ట్ దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. దానితోనే కంపెనీవాళ్ల కొత్త కార్లని ఓడించాడు. 1997లో మళ్లీ ఆ పాత కారే గెలిచింది.

మనింట్లో దీన్ని "ఏదో సర్దుకుపోతుందిలే" అంటారు. నేనైతే విద్య అంటాను.

మా నాన్న షెడ్డుకి ఎదురుగా ఒక కంపెనీ సర్వీసు సెంటరు వచ్చింది. అద్దాల గది, ఏసీ, డ్రైవర్లకి కాఫీ. స్పేరు పార్టుల రేటులో నాన్న వాళ్లకి సరితూగలేడు. ఆయన చేతనైంది ఒకటే, సాయంత్రం వచ్చిన లారీని తెల్లారేలోపు రోడ్డెక్కించడం. ఆ రాత్రుళ్లు మా అమ్మ చిన్న బల్ల దగ్గర కూర్చుని నోటుబుక్కు రాసేది. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఏ బేరింగు ఎవరి కొట్టు నుంచి అప్పు తెచ్చాం, ఏ కుర్రాడికి ఎంత బత్తా. అమ్మ నెల్లాళ్లు మంచం పట్టినప్పుడు తెలిసింది, ఎవరు ఎంత బాకీయో నాన్నకి తెలీదని! అయినా షెడ్డు పేరు చెప్పేటప్పుడు "మేం ఐదుగురం" అనేవాడు. అమ్మ కాకుండా ఐదుగురు. 2006లో షెడ్డు మూసేశాం.

పందేల్లోనూ అంతే. కంప్యూటర్లు లేని రోజుల్లో పిట్ దగ్గర స్టాప్‌వాచీలు పట్టుకుని, కాగితం మీద చుట్లు లెక్కపెట్టినవాళ్లలో డ్రైవర్ల భార్యలు బోలెడుమంది. కప్పు పుచ్చుకునే మెట్ల మీద వాళ్లెవరూ కనబడరు. ఆడవాళ్లు నడపలేకనా? 1975లో మొయ్‌నే అనే చిన్న ఫ్రెంచి టీము కారుని ముగ్గురూ ఆడవాళ్లే నడిపి, రెండు లీటర్ల ఇంజన్ల తరగతిలో గెలిచారు. మిషెల్ మూటన్, క్రిస్టీన్ డాక్రెమాన్, మరియాన్ హెప్నర్. ఈ పేర్లు మావాడికి కూడా తెలియవు, అన్ని కార్ల పేర్లూ ఒప్పజెప్పేవాడికి!

మరి ఇప్పుడు చిన్నవాళ్లకి చోటుందా? అమెరికా నుంచి గ్లికెన్‌హాస్ అనే చిన్న కంపెనీ సొంత కారుతో వచ్చి 2022లో మూడో స్థానం కొట్టింది. 2023 తర్వాత మానేసింది. 2025 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పెద్ద తరగతిలో దిగే కంపెనీ రెండేసి కార్లు తేవాలని రూలు పెట్టారు. ఒక్క కారుకే ఊళ్లో అందరి దగ్గరా చెయ్యి చాచేవాడు రెండోది ఎక్కణ్నుంచి తెస్తాడండీ? కింది తరగతిలో ప్రతి కారుకీ ఒక ఔత్సాహిక డ్రైవరు తప్పనిసరి. అలాంటివాళ్లు చాలామంది తమ డబ్బుతోనే వస్తారు, చిన్న టీములు బతికేది వాళ్లతోనే. నిర్మాత కొడుకే హీరో అయినట్టన్నమాట. వెక్కిరించొచ్చు గానీ, ఆ కొడుకు లేకపోతే సినిమానే లేదు.

బరువు పెంచి, పవరు తగ్గించి కార్లన్నిటినీ సమానం చేస్తామంటారు నిర్వాహకులు. కార్లు సమానమైతే సరిపోతుందా? పాత కారుతో, ఒకే కారుతో వచ్చేవాడికి పెద్ద తరగతిలో నాలుగు చోట్లు విడిగా ఉంచండి. ఓడిపోనివ్వండి, ఫరవాలేదు. గుమ్మంలోనే ఆపెయ్యడం మాత్రం బాగాలేదు.

ఆదివారం రాత్రి అమ్మకి ఫోను చేసి యోస్ట్ కథంతా చెప్పాను, పాత కారు, పెట్రోలు కోటా, కలప వ్యాపారి, అన్నీ. అమ్మ అంతా విని, "అయితే ఆ పెట్రోలు లెక్క రాసిందెవరే?" అంది.