ముందు మాల్టాకు ఫోను, తర్వాతే ఏజెంటుకు పైసలు

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉన్నోళ్లకు ఫోన్ చేయడం ఎలాగో చెప్పాలా అని కొందరు నవ్వొచ్చు. నవ్వినా ఫర్వాలేదు. మనకు ఫోన్ చేయడం బాగానే వచ్చు, కానీ ఒక్క దేశానికే. 0091 కొడితే ఇల్లు పలుకుతుంది, అమ్మ పలుకుతుంది, పిల్లలు పలుకుతారు. అది దాటి ముక్కూమొహం తెలియని దేశపు ఆఫీసుకు ఫోన్ చేయాలంటే మాత్రం మనోళ్ల చెయ్యి ఆగిపోతుంది. ఎంత కట్ అవుతుందో, ఎవరు ఎత్తుతారో, ఏ భాషలో మాట్లాడతారో అని బెరుకు. ఆ బెరుకు మీదే ఇవాళ కొందరు ఏజెంట్లు దుకాణం పెట్టుకున్నారు.

బహ్రెయిన్‌లో సిత్రా అయినా, సల్మాబాద్ అయినా, అస్కర్ అయినా, లేబర్ క్యాంపుల్లో సాయంత్రం పూట నలుగురు కూర్చుంటే వినిపించే మాట 'యూరప్'. పెద్ద దేశాల పేర్లు కాదు. మాల్టా, సైప్రస్, లక్సెంబర్గ్, లాత్వియా. ఇంతకుముందు మనోళ్లు చాలామంది పేరు కూడా వినని దేశాలు. 'వర్క్ పర్మిట్ గ్యారంటీ, రెండు నెలల్లో వీసా, సగం పైసలు ఇప్పుడు, సగం వీసా వచ్చాక' అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. దాన్ని చూసి ఊళ్లో భార్య మెడలోది కుదువ పెట్టి లక్షలు పంపేవాళ్లు ఉన్నారు. ఆ దేశానికి ఒక్క ఫోన్ చేసి అడిగినవాళ్లు ఎంతమంది? నాకు తెలిసినవాళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను చెప్పేది ఒక్కటే. ఏజెంటు చేతిలో దీనారు పెట్టే ముందు, ఉద్యోగం ఇస్తానన్న కంపెనీకి మనమే నేరుగా ఫోన్ చేయాలి. ఉదాహరణకు మాల్టానే తీసుకుందాం. మిగతా చిన్న దేశాలకూ దారి దాదాపు ఇదే.

మాల్టా అంటే ఏమిటి?

ఇటలీకి కింద మధ్యధరా సముద్రంలో ఉన్న దీవుల దేశం మాల్టా. మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. అంటే మన బహ్రెయిన్‌లో సగం కూడా లేదు. జనం ఆరు లక్షల లోపే. 1964 దాకా బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 డిసెంబరులో షెంగెన్‌లోకి వచ్చింది, 2008 నుంచి యూరో వాడుతోంది. హోటళ్లలో, కట్టడాల్లో, డెలివరీ పనుల్లో, ఆస్పత్రుల్లో మన దేశం వాళ్లు చాలామంది అక్కడ నిజంగానే పని చేస్తున్నారు. కాబట్టి మాల్టా ఉద్యోగం అనగానే మోసం అనడం కూడా తప్పే. నిజం ఉన్నచోటే దాని పేరు చెప్పి అబద్ధం అమ్ముతారు. ఏది నిజమో తేల్చుకోవడమే మన పని.

భాష గురించి భయం వద్దు. మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా అక్కడ అధికార భాషే. ఆఫీసుల్లో ఇంగ్లీషు నడుస్తుంది. ఇంకో విచిత్రం, మాల్టీస్ భాష పుట్టింది అరబ్బీ నుంచే. వాళ్ల అంకెలు వింటే వాహిద్, ఇత్నేన్, తలాతా అని సైట్‌లో రోజూ వినే మనకు కొత్తగా అనిపించవు.

ఖర్చు భయం ఎక్కడిది?

పాత రోజులు గుర్తున్నవాళ్లకు ఈ భయం ఎక్కడిదో తెలుసు. బహ్రెయిన్‌లో 1981లో ఏర్పడిన బటెల్కోదే చాలా ఏళ్లు ఏకఛత్రాధిపత్యం. 2002లో టెలికం చట్టం వచ్చింది, నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2003 చివర్లో రెండో మొబైల్ కంపెనీ దిగింది, 2004లో అంతర్జాతీయ కాల్స్‌లో కూడా పోటీకి తలుపులు తెరిచారు. 2010లో మూడో కంపెనీ వచ్చింది. అంతకుముందు కాలింగ్ కార్డు గీకి, గడియారం చూస్తూ, 'బాగున్నారా, పైసలు అందినయా' అని రెండు మాటలు మాట్లాడి పెట్టేసినవాళ్లమే. ఇప్పుడు ఇంటికి వాట్సాప్‌లో గంటలు మాట్లాడుతున్నాం. కానీ విదేశీ కాల్ అంటే బ్యాలెన్స్ మొత్తం ఊడ్చుకుపోతుందన్న భయం మాత్రం మనసులో అట్లాగే ఉండిపోయింది.

ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. ఇండియా మినిట్స్ ప్యాక్ వేసుకుంటే అది మాల్టాకు పనికిరాదు. ఇండియా కాల్ చవక, చిన్న యూరప్ దేశానికి కాల్ ఖరీదు. ఎందుకంటే ఏ దేశానికి కాల్ వెళ్లినా, అక్కడ దాన్ని అందుకునే కంపెనీకి ఇక్కడి కంపెనీ నిమిషానికి ఇంత అని చెల్లించాలి. ఇండియాలోకి వచ్చే అంతర్జాతీయ కాల్స్‌కు ఆ మొత్తం నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య ఉండాలని ట్రాయ్ 2020లో నిర్ణయించింది. యూరోపియన్ యూనియన్ కూడా 2021లో ఇలాంటి ఛార్జీకి గరిష్ఠ పరిమితి పెట్టింది. కానీ బయటి దేశాల నుంచి వచ్చే చాలా కాల్స్‌కు ఆ పరిమితి వర్తించదు. పైగా ఇక్కడి నుంచి ఇండియాకు పోయినన్ని కాల్స్ మాల్టాకు పోవు. రేటు అందుకే ఎక్కువ.

అయినా లెక్క వేసుకోండి. మీ సిమ్ కంపెనీ యాప్‌లోనో, కస్టమర్ కేర్‌లోనో మాల్టా రేటు ముందే కనుక్కోండి. ల్యాండ్‌లైన్‌కు ఎంత, మొబైల్‌కు ఎంత అని విడివిడిగా అడగండి. ఇంటర్నెట్ ద్వారా మామూలు ఫోన్లకు కాల్ చేసే యాప్‌లూ ఉన్నాయి. అందరికీ తెలిసిన స్కైప్ 2025 మేలో మూతపడింది కానీ అలాంటివి వేరేవి దొరుకుతాయి. ఎటు చూసినా పది నిమిషాల మాటకయ్యే ఖర్చు ఏజెంటు అడిగే లక్షల ముందు లెక్కలోకి రాదు.

నంబరు చదవడం నేర్చుకోవాలి

మాల్టా కోడ్ 356. బహ్రెయిన్ నుంచి 00 356 కొట్టి, తర్వాత ఎనిమిది అంకెల నంబరు కొట్టాలి. ఊరి కోడ్ అంటూ వేరే లేదు, మధ్యలో సున్నా పెట్టే పని లేదు. మన బహ్రెయిన్ నంబర్లూ ఎనిమిది అంకెలే కదా, అట్లాగే. మాల్టాలో ల్యాండ్‌లైన్ 2తో మొదలవుతుంది, మొబైల్ 7తోనో 9తోనో మొదలవుతుంది. ఆఫర్ లెటర్ మీద 'హెడ్ ఆఫీస్' అని రాసి 7తో మొదలయ్యే నంబరు ఒక్కటే ఉంటే, అది ఎవడి జేబులోనో ఉన్న ఫోన్ అన్నమాట.

చుట్టుపక్కల కోడ్‌లు కూడా తెలిసి ఉంటే మంచిది. 352 లక్సెంబర్గ్, 353 ఐర్లాండ్, 357 సైప్రస్, 370 లిథువేనియా, 371 లాత్వియా, 372 ఎస్టోనియా. లక్సెంబర్గ్ కంపెనీ అని చెప్పి 371 నంబరు ఇస్తే, ఎందుకని అడగాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. వాట్సాప్‌లో 356 కనబడినంత మాత్రాన మనిషి మాల్టాలో ఉన్నట్టు కాదు. ఆ సిమ్‌తో ఒక్కసారి వాట్సాప్ తెరిచినవాడు ఆ తర్వాత దుబాయ్‌లో కూర్చున్నా, హైదరాబాద్‌లో కూర్చున్నా అదే నంబరు కనబడుతుంది. అందుకే ఏజెంటు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ప్రయోజనం లేదు. ఎత్తేది వాడి మనిషే. నంబరు మనం వెతికి పట్టుకోవాలి. మాల్టాలో రిజిస్టర్ అయిన ప్రతి కంపెనీకి ఇంగ్లీషు 'సీ' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. మాల్టా బిజినెస్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో అది కొట్టి చూస్తే కంపెనీ అసలు పేరు, అడ్రసు దొరుకుతాయి. ఆ పేరుతో కంపెనీ సొంత వెబ్‌సైట్ వెతికి, అందులో ఉన్న ల్యాండ్‌లైన్‌కు చేయాలి.

మా సైట్‌లో ఒక షట్టరింగ్ కార్పెంటర్‌కు మాల్టా హోటల్‌లో మెయింటెనెన్స్ పని అని లెటర్ వచ్చింది. లెటర్ రంగుల్లో, స్టాంపులతో బ్రహ్మాండంగా ఉంది. లక్షన్నర పంపడానికి సిద్ధమయ్యాడు. లెటర్ మీది నంబరు పక్కన పెట్టి, హోటల్ వెబ్‌సైట్‌లో దొరికిన 2తో మొదలయ్యే నంబరుకు అతని ముందే ఫోన్ చేశాం. రిసెప్షన్‌లో అమ్మాయి హెచ్‌ఆర్‌కు కలిపింది. 'మేం ఎవరికీ ఆ లెటర్ ఇవ్వలేదు, సంతకం పెట్టిన పేరుగల మనిషి మా దగ్గర లేడు' అని చెప్పారు. మొత్తం నాలుగు నిమిషాలు. లక్షన్నర మిగిలింది.

ఎప్పుడు చేయాలి, ఏం అడగాలి?

మాల్టా టైము మనకంటే చలికాలంలో రెండు గంటలు వెనక. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా ఒక గంట వెనక. వాళ్లకు సెలవు శని, ఆదివారాలు. మనకు సెలవైన శుక్రవారం వాళ్లకు పనిరోజు. మనలాంటివాళ్లకు ఇంతకంటే అనుకూలం ఏముంది? ఎండాకాలంలో ఇక్కడ బయటి పనులకు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా విరామం ఉంటుంది. మన 12 అంటే అప్పుడు అక్కడ పొద్దున 11. ఆ టైములో కూడా చేయొచ్చు. కాకపోతే ఎండాకాలంలో అక్కడి ప్రభుత్వ ఆఫీసులు సగం పూటే పని చేస్తాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు.

అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒకటి, ఈ పేరుతో, ఈ తేదీతో నాకు ఆఫర్ లెటర్ ఇచ్చింది మీరేనా? రెండు, మా దగ్గర పైసలు అడుగుతున్న ఈ ఏజెంటు మీ తరఫు మనిషేనా? మూడు, జీతం వారానికి ఎంత, ఎన్ని గంటలు? మాల్టాలో కనీస వేతనం 2025లో వారానికి 221 యూరోల పైచిలుకు. అంతకు తక్కువ రాసి ఉన్నా అనుమానమే, హెల్పర్‌కు దానికి నాలుగింతలు రాసి ఉన్నా అనుమానమే. నాలుగు, రూమ్ ఎవరిది? ఇది మనోళ్లు అడగడమే మరిచిపోతారు. ఇక్కడ కంపెనీ క్యాంపు, కంపెనీ బస్సు అలవాటైనవాళ్లం. అక్కడ చాలాచోట్ల అద్దె మనమే కట్టుకోవాలి, ఆ అద్దెలు తక్కువేం కాదు. ఐదు, వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టారా, దాని నంబరు ఎంత?

పర్మిట్ల పని చూసే మాల్టా ప్రభుత్వ సంస్థ పేరు ఐడెంటిటా. ఏజెంటు 'అప్రూవల్ లెటర్' చూపిస్తే, దరఖాస్తు నంబరు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని ఆ సంస్థను కూడా అడగాలి. 2018 నుంచి మాల్టాలో మన భారత హైకమిషన్ మళ్లీ నడుస్తోంది. అక్కడా అడగొచ్చు.

ఒక హెచ్చరిక. తెలియని యూరప్ కోడ్‌తో ఒక్క రింగు మోగి ఆగిపోయిన మిస్డ్ కాల్‌కు మాత్రం తిరిగి చేయొద్దు. అదొక మోసం. మనం తిరిగి చేస్తే నిమిషానికి భారీగా కట్ అవుతుంది, అందులో వాటా మోసగాళ్లకు పోతుంది. ఉద్యోగం విషయంలోనైనా, మిస్డ్ కాల్ విషయంలోనైనా సూత్రం ఒక్కటే. మన దగ్గరికి వచ్చిన నంబరును నమ్మొద్దు, మనం వెతికిన నంబరుకే చేయాలి.

సర్కారు కంటికి కనబడని దారి

ఇంత జాగ్రత్త మనమే ఎందుకు పడాలి, సర్కారు లేదా అని అడగొచ్చు. ఇండియాలో 1983 వలస చట్టం ఉంది. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు చూసుకోవచ్చు. సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ, అంతకుమించి తీసుకోకూడదు. కానీ ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయింది 18 దేశాలకే. బహ్రెయిన్ ఆ జాబితాలో ఉంది, మాల్టా లేదు. పైగా మనం ఇక్కడి నుంచి ఇక్కడే బయల్దేరుతున్నాం. శంషాబాద్‌లో కాగితాలు చూసి ఆపేవాళ్లు కూడా ఉండరు. ఏజెంటు బహ్రెయిన్‌లోనో ఇంకెక్కడో ఉంటాడు. పైసలు ఊళ్లో చేతులు మారుతాయి, ఉద్యోగం మాల్టాలో అంటాడు. మూడు దేశాల మధ్య ఈ కేసును ఎవరు పట్టించుకోవాలి?

తెలంగాణలో టామ్‌కామ్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. గల్ఫ్ నుంచి యూరప్ పోయేవాళ్ల ఆఫర్ లెటర్లు తెలుగులో అడిగి సరిచూసుకునే ఏర్పాటు ఈ సంస్థలు చేయాలి. ఇక్కడి భారత ఎంబసీ ఓపెన్ హౌస్‌లో కూడా మనం ఈ విషయం లేవనెత్తాలి. జీతం రాలేదని, పాస్‌పోర్టు ఇవ్వలేదని అడిగినట్టే దీన్నీ అడగాలి.

'ఫోన్ చేశామని తెలిస్తే ఏజెంటుకు కోపం వస్తుంది, ఫైలు పక్కన పెడతాడు' అని భయపడే తమ్ముళ్లు ఉన్నారు. నిజమైన ఏజెంటుకు కోపం ఎందుకు వస్తుంది? మనం చేసిన ఫోన్‌తో అతని మాట నిజమని తేలితే పేరు వచ్చేది అతనికే కదా. 'కంపెనీకి చేయొద్దు, చేస్తే వీసా క్యాన్సిల్' అని బెదిరించాడంటే, ఇక అక్కడితో మాట ఆపేయడమే మంచిది.

చివరగా ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు, స్టోర్ కీపర్లకు, డ్రాయింగ్ చదివి ఇంగ్లీషులో రిపోర్ట్ రాసే ప్రతి ఒక్కరికీ ఒక మాట. క్యాంపులో హెల్పర్ పని చేసే తమ్ముడు ఆ ఫోన్ తానే చేయలేడు. నంబరు వెతకడం, ఇంగ్లీషులో అడగడం అతనికి కొండెక్కినంత పని. మనకు అది శుక్రవారం అరగంట పని. తెలుగు కళా సమితి లాంటి సంఘాలు పండుగలకు హాలు ఏర్పాటు చేసినట్టే, నెలకు ఒక శుక్రవారం నలుగురు ఇంగ్లీషు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి 'మీ లెటర్ తీసుకురండి, ఫోన్ చేసి చూద్దాం' అంటే ఎన్నో ఇళ్లు అప్పుల పాలు కాకుండా ఉంటాయి. సంఘం చేసేదాకా ఆగనక్కర్లేదు. మీ రూమ్‌లో ఎవరైనా యూరప్ అని మాటెత్తితే, ఈ శుక్రవారమే ఆ లెటర్ అడిగి తీసుకోండి.