రీసెర్చ్‌లో రిఫరెన్సులు: ‘జైసల్మేర్ తర్వాత అనంతపురమే’ అన్న మాటకు ఆధారం ఉందా?

‘దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాతి స్థానం అనంతపురానిదే.’ వార్తల్లో, ప్రసంగాల్లో, నివేదికల్లో ఈ మాట మీకు చాలాసార్లు కనిపించి ఉంటుంది. లెక్కలు మాత్రం అలా లేవు.

అనంతపురంలో ఏటా సగటున సుమారు 550 మి.మీ. వర్షం పడుతుంది. రాజస్థాన్‌లోని బీకానేర్, బాడ్మేర్ జిల్లాల్లో అది 300 మి.మీ. లోపే. లద్దాఖ్‌లోని లేహ్‌లో 100 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. అనంతపురంలో కరవు ఉన్న మాట నిజమే కానీ, ఈ ‘రెండో స్థానం’ మాత్రం ఒకరిని చూసి ఒకరు రాయడం వల్ల నిలిచిపోయింది.

శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలోనో, జేఎన్‌టీయూ అనంతపురంలోనో కరవుపై పీహెచ్‌డీ చేస్తున్నవారు ఈ వాక్యాన్ని థీసిస్‌లో రాస్తే ఏమవుతుంది?

యూజీసీ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

2018లో వచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక ఎంత ఉందన్న దాన్ని బట్టి చర్య ఉంటుంది.

• 10 శాతం వరకు: చర్య ఉండదు.
• 10 నుంచి 40 శాతం: గరిష్ఠంగా 6 నెలల్లో సరిచేసి మళ్లీ ఇవ్వాలి.
• 40 నుంచి 60 శాతం: ఏడాదిపాటు సరిచేసిన థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు.
• 60 శాతం దాటితే: రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

ఆధారం చూపి ఉటంకించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయమైతే వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది.

మరి తప్పును సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందా?

పట్టుకోదు. అది రాతలోని పోలికనే చూస్తుంది. పైగా జైసల్మేర్ వాక్యంలో 14 పదాలు కూడా లేవు. దానికి ఏదో ఒక పేపర్‌ను రిఫరెన్సుగా చూపించినా తనిఖీలో అభ్యంతరం రాదు. ఆ థీసిస్ ‘శోధ్‌గంగ’ వెబ్‌సైట్‌లోకి చేరాక, తర్వాత వచ్చే విద్యార్థి దాన్నే ఆధారంగా చూపిస్తారు.

మీరేం చేయాలి?

• అసలు మూలం చూడండి: వర్షపాతానికి వాతావరణ శాఖ, జిల్లా ప్రణాళికా విభాగం గణాంకాలు ఉన్నాయి.
• ఏ సంవత్సరం లెక్కో రాయండి: 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. అంతకుముందు, ఆ తర్వాత ‘అనంతపురం జిల్లా’ ఒకటి కాదు.
• చదివినదాన్నే చూపండి: ఒక పుస్తకంలో మరో నివేదిక ప్రస్తావన ఉండి, ఆ నివేదిక మీకు దొరక్కపోతే, ఫలానా పుస్తకం ద్వారా తెలిసిందని రాయండి.
• చదివేటప్పుడే నోట్ చేసుకోండి: రచయిత, ఏడాది, పేజీ నంబరు చివర్లో వెతుక్కోవడం కష్టం. ‘జొటెరో’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ వివరాలను భద్రపరిచి, జాబితా తయారు చేసి ఇస్తుంది. ఆ జాబితాను ఒకసారి మీరే సరిచూసుకోవాలి.

ఎంత వెతికినా మూలం దొరకని వాక్యాన్ని తీసేయండి. వర్షాధారంగా వేరుశనగ వేసే రైతుకు ఏ నెలలో ఎన్ని రోజులు వాన పడలేదో చెప్పే లెక్క, ర్యాంకు కన్నా మీ థీసిస్‌కు ఎక్కువ ఉపయోగపడుతుంది.